ఎండిన అడవిలో క్యాంపింగ్: మంట వేయొచ్చో లేదో తేల్చుకోవడం ఎలా, మంట లేకుండా వండుకోవడం ఎలా

జూన్ వచ్చిందంటే చాలు, కాలిఫోర్నియాలో, వాషింగ్టన్‌లో, కొలరాడోలో ఉండే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "సైట్ బుక్ చేసినప్పుడు ఫైర్ రింగ్ ఉందని రాశారు కదా, ఇప్పుడు మంట వేయొద్దంటారేంటి? గ్యాస్ స్టవ్ కూడా కుదరదా? చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఏమవుతుంది?" ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు అసలు జవాబు. సైట్లో ఫైర్ రింగ్ (మంట వేసుకోవడానికి బిగించిన ఇనుప వలయం) ఉన్నంత మాత్రాన ఆ రోజు అందులో మంట వేయొచ్చని కాదు. బుకింగ్ ఆరు నెలల ముందు చేస్తారు. నిషేధం మాత్రం అడవి ఎంత ఎండిందో చూసి వారం ముందో, ఒక్కోసారి ముందు రోజో పెడతారు. కాబట్టి జూన్ నుంచి గట్టి వానలు పడేదాకా ఏ ట్రిప్పయినా మంట ఉండదనుకునే సిద్ధం కండి. అక్కడికి వెళ్ళాక మంటకు అనుమతి ఉందని తేలితే సంతోషం, కట్టెలు అక్కడే కొనుక్కోవచ్చు.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్ళకు ఒక్క ఉదాహరణ. 2016 జులైలో బిగ్ సర్ దగ్గర గరపాటా స్టేట్ పార్కులో ఎవరో అనుమతి లేకుండా చలిమంట వేసి, ఆర్పకుండా వెళ్ళిపోయారు. సోబెరానెస్ ఫైర్ పుట్టింది దాంట్లోంచే. అక్టోబరు దాకా మండింది. 1,32,000 ఎకరాలు కాలిపోయాయి, 57 ఇళ్ళు బూడిదయ్యాయి, మంటలు ఆపడానికి వెళ్ళిన బుల్డోజర్ డ్రైవర్ ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ మంట వేసినవాళ్ళు కూడా మనలాగే సరదాగా వెళ్ళినవాళ్ళే అయ్యుంటారు.

కావలసినవి

- ఆన్/ఆఫ్ నాబ్ ఉన్న గ్యాస్ స్టవ్. కుటుంబంతో వెళ్తే రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్, నడిచి వెళ్ళే ట్రిప్పయితే చిన్న క్యానిస్టర్ స్టవ్
- లెక్క కంటే ఒక సిలిండర్ ఎక్కువ
- కనీసం ఒక 5 గ్యాలన్ల నీళ్ళ డబ్బా, బకెట్, చిన్న పార
- ఎల్‌ఈడీ లాంతర్లు, తలకి పెట్టుకునే లైట్లు
- వెచ్చటి జాకెట్లు, థర్మల్స్, మందపాటి సాక్సులు
- మంచి ఫ్లాస్కులు రెండు
- మీరు వెళ్ళే చోటి ఫైర్ ఆర్డర్ (మంటల మీద ఆంక్షల అధికారిక ఉత్తర్వు) ఫోన్లో సేవ్ చేసిన కాపీ (అక్కడ సిగ్నల్ ఉండదు)
- కాలిఫోర్నియా అయితే క్యాంప్‌ఫైర్ పర్మిట్

1. ఆ నేల ఎవరిదో తెలుసుకోండి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. "టాహోకి వెళ్తున్నాం, టాహోలో మంటకు పర్మిషన్ ఉందా?" అని అడుగుతారు. టాహో అంతటికీ కలిపి ఒక రూల్ లేదు. ఎమరాల్డ్ బే స్టేట్ పార్కు రాష్ట్రానిది. పక్కనున్న అడవి ఫారెస్ట్ సర్వీసుది. దానికి ఆనుకునే ఉన్న డెసొలేషన్ విల్డర్నెస్‌లో వాన పడినా, మంచు పడినా, ఏడాది పొడుగునా చలిమంట నిషేధమే. అరగంట డ్రైవ్‌లో మూడు రకాల రూల్స్.

యోసెమిటీ అయినా అంతే. పార్కు లోపల నేషనల్ పార్క్ సర్వీసు రూల్స్. గేటు దాటి బయటికొస్తే స్టానిస్లాస్, సియెర్రా, ఇన్యో నేషనల్ ఫారెస్టులు, వేటి ఆర్డర్ వాటిదే. లోయలోని క్యాంప్‌గ్రౌండ్లలో మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా సాయంత్రం 5 నుంచి రాత్రి 10 మధ్యలోనే మంటకు అనుమతి. కొండ మీద 9,600 అడుగుల ఎత్తు దాటితే ఎప్పుడూ లేదు. వాషింగ్టన్‌లో ఎన్‌చాంట్‌మెంట్స్ పర్మిట్ ఏరియాలో, గ్రాండ్ కేనియన్‌లో అంచు కిందికి నడిచి దిగాక కూడా చలిమంటకు చోటే లేదు. టెక్సస్‌లో ఉన్నవాళ్ళు కౌంటీ బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటల నిషేధం) విడిగా, స్టేట్ పార్కు బ్యాన్ విడిగా చూసుకోవాలి.

మీ బుకింగ్ ఈమెయిల్ తెరిస్తే క్యాంప్‌గ్రౌండ్ ఎవరిదో రాసి ఉంటుంది. నేషనల్ ఫారెస్ట్, నేషనల్ పార్క్, బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల్ని చూసుకునే శాఖ), స్టేట్ పార్క్, కౌంటీ పార్క్, సాధారణంగా ఈ అయిదింటిలో ఏదో ఒకటి.

2. ఆర్డర్‌నే చదవండి

ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటనీ, మూడేళ్ళ నాటి బ్లాగునీ నమ్ముకుని బయల్దేరకండి. ఆ ఫారెస్ట్ లేదా పార్కు అధికారిక సైట్లో అలర్ట్స్ అనే పేజీ ఉంటుంది. ఫైర్ రెస్ట్రిక్షన్ ఆర్డర్ పీడీఎఫ్ అక్కడే దొరుకుతుంది. రెండు మూడు పేజీలే, భయపడక్కర్లేదు. అందులో నాలుగు సంగతులు వెతకండి.

మొదట తేదీలు: ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. తర్వాత మ్యాపు: మీరు పడుకునే చోటు అందులోకి వస్తుందా. మూడోది, మినహాయింపు ఉన్న క్యాంప్‌గ్రౌండ్ల జాబితా. ఇది సాధారణంగా చివరి పేజీలో ఎగ్జిబిట్ అనే పేరుతో ఉంటుంది. మీ క్యాంప్‌గ్రౌండ్ పేరు అక్షరం అక్షరం అందులో ఉంటేనే మినహాయింపు వర్తిస్తుంది. పక్క క్యాంప్‌గ్రౌండ్ పేరు ఉన్నందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నాలుగోది, స్టవ్ గురించి రాసిన వాక్యం.

ఆ నాలుగోది చదవకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. నేషనల్ ఫారెస్ట్ ఆర్డర్లలో నిషేధం రాసేటప్పుడు క్యాంప్‌ఫైర్‌తో పాటు "స్టవ్ ఫైర్" అని కూడా కలిపే రాస్తారు. అది చూసి కొందరు కంగారుపడి ట్రిప్పే మానుకుంటారు. ఇంకా కిందికి రండి. గ్యాస్‌తోనో, ప్రెషర్‌లో ఉండే ద్రవ ఇంధనంతోనో నడిచే స్టవ్‌కి మినహాయింపు ఇచ్చే పేరా చాలాసార్లు అక్కడ ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ పేరాకు ఒక షరతు కూడా ఉంటుంది: చెల్లుబాటులో ఉన్న క్యాంప్‌ఫైర్ పర్మిట్ మీ దగ్గర ఉండాలి. చలిమంట జోలికి వెళ్ళకుండా టీ మాత్రమే కాచుకున్నా ఆ పర్మిట్ కావాలన్నమాట.

అర్థం కాకపోతే రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. "మంట వేయొచ్చా?" అని పొడిగా అడక్కండి. "మేము ఫలానా తేదీన ఫలానా క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటాం. మెటల్ రింగ్‌లో కట్టెల మంట, బొగ్గుల గ్రిల్, నాబ్ ఉన్న ప్రొపేన్ స్టవ్, ఈ మూడింటిలో ఏది వాడొచ్చు?" అని విడివిడిగా అడగండి. జవాబు సూటిగా వస్తుంది.

3. స్టేజ్ 1, స్టేజ్ 2 అంటే

కొలరాడో, యూటా, ఆరిజోనా లాంటి చోట్ల ఈ మాటలు ఎక్కువ వాడతారు. కాలిఫోర్నియా ఫారెస్టుల్లో చాలాసార్లు స్టేజ్ నంబర్ లేకుండా నేరుగా ఆర్డరే పెడతారు. మామూలుగా ఇలా ఉంటుంది:

- స్టేజ్ 1: ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్‌లో, వాళ్ళు బిగించిన ఇనుప రింగ్‌లో మాత్రమే మంట. రాళ్ళు పేర్చి సొంతంగా చేసుకున్న పొయ్యి కుదరదు. సిగరెట్ కారులోనో, భవనంలోనో, శుభ్రం చేసిన జాగాలోనో మాత్రమే.
- స్టేజ్ 2: క్యాంప్‌గ్రౌండ్‌లో కూడా మంట లేదు, బొగ్గులు లేవు. నాబ్ ఉన్న గ్యాస్ స్టవ్ చుట్టూ ఎండాకులు లేకుండా చూసుకుని వాడుకోవచ్చు.
- ఆపైన: అడవే మూసేస్తారు. లోపలికి వెళ్ళడం కుదరదు.

వివరాలు చోటుని బట్టి మారతాయి. అందుకే పై స్టెప్‌లో ఆర్డరే చదవమన్నాను.

4. కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ తీసుకోండి

ఉచితం. 18 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా ఆన్‌లైన్‌లో చిన్న వీడియో చూసి, కొన్ని ప్రశ్నలకు జవాబిచ్చి అక్కడికక్కడే తీసుకోవచ్చు. ఆ సంవత్సరం డిసెంబరు 31 దాకా పనికొస్తుంది. ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్ బయట స్టవ్, లాంతరు, మంట ఏది వెలిగించాలన్నా ఇది ఉండాలి. ప్రింట్ తీసి కారులో ఒకటి పెట్టుకోండి, ఫోన్లో ఒకటి ఉంచుకోండి.

హెచ్చరిక: పర్మిట్ ఉంది కదా అని నిషేధం ఉన్న రోజు మంట వేయకూడదు. ఆర్డర్ ముందు పర్మిట్ చెల్లదు.

5. స్టవ్ సరైనదేనా చూసుకోండి

ఒకే ఒక్క పరీక్ష. నాబ్ తిప్పగానే మంట వెంటనే ఆరిపోవాలి. ఆరిపోతే సాధారణంగా ఫరవాలేదు. చిన్న పుల్లలతో మండే స్టవ్, స్పిరిట్ స్టవ్, గుళికలతో వెలిగేవి, బొగ్గుల గ్రిల్, ఇవన్నీ ఈ పరీక్షలో ఫెయిల్. ప్రొపేన్ ఫైర్ పిట్‌కి నాబ్ ఉన్నా కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. అడిగే పట్టుకెళ్ళండి.

బయల్దేరే ముందు ఇంటి బయట ఒకసారి సిలిండర్ బిగించండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి, ఆ నురగ నీళ్ళు సిలిండర్ కలిసే చోట వేలితో రాయండి. నాబ్ మూసే ఉంచండి. బుడగ లేచి పెద్దదవుతూ ఉంటే గ్యాస్ కారుతోందని అర్థం. తీసి, మరలు సరిగ్గా పట్టేలా మళ్ళీ బిగించండి. అప్పటికీ బుడగలు వస్తుంటే ఆ స్టవ్ ఇంట్లోనే వదిలేయండి.

అక్కడికి వెళ్ళాక ఇనుప జాలీ మీదో, బల్ల మీదో, ఆకులన్నీ ఊడ్చేసిన మట్టి నేల మీదో పెట్టండి. పైన్ ఆకుల పరుపు మీద వద్దు. పైకి తడిగా కనిపించినా కింద ఎండుగానే ఉంటుంది.

మన వంటల వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. అయిదు కుటుంబాలకు సరిపడే పెద్ద గిన్నె తెచ్చి, క్యానిస్టర్ మీదే కూర్చునే చిన్న స్టవ్ మీద పెడతారు. గిన్నె అడుగు నుంచి వేడి కిందికి తిరిగొచ్చి క్యానిస్టర్‌ని తాకుతుంది. పైగా గాలికి అడ్డంగా చుట్టూ అల్యూమినియం ఫాయిల్ కడతారు. క్యానిస్టర్ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. పెద్ద గిన్నెకు రెండు బర్నర్ల స్టవ్వే వాడండి. గాలికి అడ్డు ఒక్క వైపే పెట్టండి. మధ్యమధ్యలో క్యానిస్టర్‌ని చేత్తో తాకి చూడండి, వేడిగా అనిపిస్తే కట్టేయండి.

చలిగా ఉందని స్టవ్‌ని టెంట్‌లోకి తీసుకెళ్ళకండి. మంట సంగతి అటుంచితే, కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపేస్తుంది.

6. వంట సగం ఇంట్లోనే చేసుకెళ్ళండి

నిషేధం ఉన్నా మన భోజనానికి లోటేమీ రాదు. ఈ విషయంలో మన వంటలు నిజంగా అదృష్టం.

మొదటి రోజుకి పులిహోర. పొయ్యి అక్కర్లేదు, ఐస్ అక్కర్లేదు. పెరుగన్నం ఐస్ బాక్సులో. చపాతీలు ఇంట్లోనే కాల్చి గుడ్డలో చుట్టి తెచ్చుకోండి. చిన్న స్టవ్ మంట మీద పుల్కాలు పొంగించే ప్రయత్నాలు అక్కడ వద్దు. పోపు ఇంట్లోనే వేయించి సీసాలో పోసుకోండి. పప్పు వేడి చేసి ఒక చెంచా కలిపితే సరిపోతుంది. అటుకులు తడిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ కలిపితే ఉదయం టిఫిన్ అయిపోతుంది. మరమరాల మిక్చర్ పిల్లలకు సాయంత్రం.

ఎత్తు మీద పప్పు ఉడకదని చాలామంది గమనించే ఉంటారు. 8,000 అడుగుల దగ్గర నీళ్ళు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. ఎంత మరిగినా వేడి అంతకంటే పెరగదు. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే గ్యాస్ అయిపోతుంది కానీ పప్పు మెదగదు. చిన్న కుక్కర్ తీసుకెళ్ళండి, లేదా ఇంట్లో ఉడకబెట్టి ఫ్రీజ్ చేసి పట్టుకెళ్ళండి. ఫ్రీజ్ చేసిన పప్పు ఐస్ బాక్సుకి ఐస్‌లా కూడా పనికొస్తుంది.

మిరపకాయ బజ్జీలు చేద్దామనే ఉత్సాహం ప్రతి గ్రూపులోనూ ఒకరికుంటుంది. దయచేసి వద్దు. గాలికి ఊగే స్టవ్ మీద మరిగే నూనె, చుట్టూ పరుగెత్తే పిల్లలు, కింద ఎండు గడ్డి. నూనె ఎప్పుడైనా అంటుకుంటే నీళ్ళు పోయకండి. మూత పెట్టి నాబ్ కట్టేయండి.

మొక్కజొన్న కంకులు కాల్చుకోవడం తప్పేలా లేదంటే, కంకిని చితుకుల మంట మీద కాకుండా పెనం మీద దొర్లించండి. రుచి అంతే ఉంటుందని చెప్పను, కానీ బావుంటుంది.

7. రాత్రిని ముందే ఆలోచించుకోండి

మంట లేకపోతే అందరికీ ముందు తెలిసేది చలి. ఆగస్టులో కూడా సియెర్రా కొండల పైన రాత్రి గడ్డకట్టే దాకా వెళ్ళే రోజులుంటాయి. పొద్దు వాలకముందే పొరలు పొరలుగా బట్టలు వేసేయండి, ఒళ్ళు చల్లబడ్డాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. ఫ్లాస్కులో అల్లం టీ ఉంచండి. గట్టి మూత ఉన్న సీసాలో వేడి నీళ్ళు పోసి, సాక్సులో పెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ళ దగ్గర పెట్టుకోండి.

నీళ్ళు నింపిన తెల్లటి డబ్బాకి తలకి పెట్టుకునే లైటుని లోపలి వైపు వెలిగేలా కట్టి మధ్యలో పెడితే వెలుగు చుట్టూ మెత్తగా పరుచుకుంటుంది. కూర్చుని అంత్యాక్షరి ఆడుకోవడానికి అది చాలు.

ఇంకో మాట. కర్పూరం, దీపం, అగరువత్తులు, దోమల చుట్టలు, ఇవన్నీ నిప్పే. పొద్దున్నే దణ్ణం పెట్టుకునే పెద్దవాళ్ళు మనతో ఉంటారు. అత్తయ్యగారికో, నాన్నగారికో బయల్దేరే ముందే సంగతి చెప్పి, బ్యాటరీతో వెలిగే దీపం ఒకటి సంచిలో వేయండి. అక్కడికెళ్ళాక వద్దంటే వాళ్ళు నొచ్చుకుంటారు. జులై 4 వారాంతంలో పిల్లల చేతికి కాకరపువ్వొత్తులు ఇవ్వకండి. ఫెడరల్ అడవుల్లో టపాసులకు ఏ కాలంలోనూ అనుమతి లేదు. 2017లో ఆరెగన్‌లో ఈగిల్ క్రీక్ ఫైర్‌ని మొదలుపెట్టింది 15 ఏళ్ళ కుర్రాడు విసిరిన టపాసు. దాదాపు 50,000 ఎకరాలు కాలింది.

8. మంటకు అనుమతి ఉంటే, ఆర్పడం ఇలా

వెలిగించే రోజు రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఉందేమో చూడండి. గాలి ఎక్కువ, తేమ తక్కువ ఉన్నప్పుడు నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే హెచ్చరిక అది. ఉంటే, అనుమతి ఉన్నా మానేయండి. లేకపోతే రింగ్ చుట్టూ కనీసం అయిదడుగులు ఊడ్చి, నీళ్ళూ పారా పక్కన పెట్టుకుని, చిన్న మంట వేయండి. ఒక పెద్దవాళ్ళు ఎప్పుడూ అక్కడే ఉండాలి.

పడుకునే గంట ముందు కట్టెలు వేయడం ఆపండి. తర్వాత:

- నీళ్ళు నెమ్మదిగా పోయండి. బుస్సుమనే శబ్దం ఆగేదాకా పోస్తూనే ఉండాలి.
- పారతో అడుగు దాకా కలపండి. కాలిన దుంగల్ని దొర్లించి కింది వైపు కూడా తడపండి.
- మళ్ళీ నీళ్ళు, మళ్ళీ కలపడం.
- అరచేతి వెనక వైపుని బూడిదకు దగ్గరగా తీసుకెళ్ళండి. వేడి తగలకపోతే మెల్లగా తాకండి. రింగ్ అంచు రాళ్ళనూ, వాటి పక్క మట్టినీ కూడా చూడండి.
- ఎక్కడ వెచ్చగా ఉన్నా మొదటి నుంచి మళ్ళీ చేయండి.

మట్టి కప్పేసి వెళ్ళిపోవడం ఆర్పడం కాదు. నివురు కింద నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది. నేలలో చెట్టు వేరు తగిలితే దాని వెంటే పాకుతుంది, మీరు వెళ్ళిపోయాక మరెక్కడో బయటపడుతుంది. బీచ్‌లో ఇసుక కప్పితే తెల్లారి ఏ పిల్లాడి కాలో కాలుతుంది. నీళ్ళు తక్కువున్నాయా, అయితే మంటే వేయకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

పక్క సైట్‌వాళ్ళు వేశారు కదా అని మనమూ వేయడం. వాళ్ళకు తెలియకపోయుండొచ్చు. ఫెడరల్ నేల మీద ఆర్డర్ మీరితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మంట పాకితే ఆర్పిన ఖర్చు కూడా మీ మీదే పడొచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకాస్త ఆలోచించాలి. గ్రీన్ కార్డ్ దరఖాస్తులో అరెస్టులతో పాటు సైటేషన్ల (అధికారులు రాసిచ్చే నేర నోటీసుల) గురించి కూడా అడుగుతారు.

రాత్రి వాన పడింది కాబట్టి నిషేధం పోయిందనుకోవడం. ఆర్డర్‌ని అధికారికంగా ఎత్తేసేదాకా అది అమల్లో ఉన్నట్టే.

ఇంటి నుంచి కట్టెలు మోసుకెళ్ళడం. వాటిలో ఉండే పురుగులు కొత్త అడవికి చేరతాయి. కాల్చే చోటే కొనండి.

ఎండు గడ్డి మీద కారు ఆపడం. కారు అడుగున ఎగ్జాస్ట్ వేడికి గడ్డి అంటుకుంటుంది. మంటే వేయని వాళ్ళు కూడా అడవిని అంటించే దారి ఇది. తారు మీదో, కంకర మీదో ఆపండి. ట్రెయిలర్ ఉంటే గొలుసు రోడ్డుకి రాసుకోకుండా చూడండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఒకసారి సరిచూసుకోండి

ఆర్డర్ పేజీ మళ్ళీ తెరిచి తేదీ మారిందేమో చూశారా? పర్మిట్ ఫోన్లో ఉందా? రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఉందేమో చూశారా? స్టవ్ సబ్బునీళ్ళ పరీక్ష అయిందా? గ్రూపులో వచ్చే ప్రతి కుటుంబానికీ "మంట లేదు, బొగ్గులు తేకండి" అని మెసేజ్ వెళ్ళిందా? ఈ ఆఖరిది మరచిపోతే ఎవరో ఒకరు గ్రిల్లూ, బొగ్గుల సంచీ దించుతారు, అందరి ముందూ వద్దనడం ఇబ్బందవుతుంది.

ఎవరూ లేని మంటో, పొగో కనిపిస్తే

చిన్నదై, దగ్గర నీళ్ళుంటే, మీకు ప్రమాదం లేకుంటే పైన చెప్పినట్టే ఆర్పండి. అంతకంటే పెద్దదైతే దాని దగ్గరికి వెళ్ళకండి. పిల్లల్ని కారెక్కించి, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి 911కి ఫోన్ చేయండి. ట్రెయిల్ పేరు లేదా క్యాంప్‌సైట్ నంబరు, ఫోన్లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, పొగ రంగు, గాలి ఎటు వీస్తోంది, దగ్గర్లో మనుషులున్నారా, ఇవి చెప్పండి. ఇంకెవరో చేసే ఉంటారని ఊరుకోకండి. సిగ్నల్ లేని చోట అలా అనుకుని అందరూ ఊరుకుంటే ఫోన్ వెళ్ళనే వెళ్ళదు.